ఆందోళన, ఏకాగ్రత లోపం: వర్చువల్ రియాలిటీ చికిత్స కొద్ది రోజుల్లో పనిచేస్తుందా?

భయాల విషయంలో అవుననే చెబుతాను. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎత్తులంటే భయపడే 100 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కళ్ల ముందు కంప్యూటర్ దృశ్యాలను నిజంలా చూపే హెడ్‌సెట్ (వర్చువల్ రియాలిటీ అంటే ఇదే) పెట్టి పదంతస్తుల ఊహా భవనం ఎక్కించారు. చెట్టెక్కిన పిల్లిని కాపాడటం లాంటి పనులు అప్పగించారు. రెండు వారాల్లో, అరగంట చొప్పున కొన్నిసార్లే. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ జట్టువారి భయం సగటున 68 శాతం తగ్గింది. కనిపించేది నిజం కాదని తెలిసినా గుండె దడదడలాడుతుంది. అయినా అక్కడే నిలబడితే, అనుకున్న ప్రమాదం జరగలేదని మనసు నేర్చుకుంటుంది.

ఏకాగ్రత సంగతి వేరు. కిటికీ బయటి వాహనాలు, పక్క పిల్లల కదలికలతో కూడిన వర్చువల్ తరగతి గది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్న పిల్లలను పరీక్షించడానికి ఉపయోగపడుతోంది. చికిత్సగా ఆధారాలు ఇంకా పలచనే. దయచేసి దీన్ని నమ్ముకుని పిల్లల మందులు, ప్రవర్తన శిక్షణ మాన్పించకండి.