రివీల్ జేఎస్ స్లైడ్‌కు ఫొటో పెడితే చుట్టూ తెల్ల అంచు మిగులుతోంది, ఎందుకు?

రివీల్ జేఎస్ అంటే బ్రౌజర్‌లో స్లైడ్లు చూపించే సాధనం. సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖలు రాసే భాష) సెక్షన్‌కు, అంటే ఒక్కో స్లైడ్ ఉండే ట్యాగ్‌కు, బ్యాక్‌గ్రౌండ్ రాశాను, ఫొటో స్క్రీన్ నిండడం లేదు అన్నారు కదా. అచ్చం ఇదే పని నేనూ చేసినా. కడపలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో క్లాసు చెప్పాలి, ముందు రోజు రాత్రి రెండైనా ఆ తెల్ల అంచు పోలేదు.

రివీల్‌లో సెక్షన్ అంటే స్క్రీన్ మొత్తం కాదు. మనం మార్చకుంటే 960 బై 700 పిక్సెళ్ల పెట్టె, స్క్రీన్‌ను బట్టి పెద్దదీ చిన్నదీ అవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ ఉండేది దాని వెనకాల వేరే పొరలో. అందుకని సీఎస్ఎస్ వదిలేసి, సెక్షన్ ట్యాగ్‌లోనే డేటా-బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ అని ఫొటో పేరు ఇవ్వండి. సైజు చెప్పకపోయినా కవర్ (ఖాళీ లేకుండా నింపే సెట్టింగు) తీసుకుని అంచుల దాకా నిండుతుంది. క్వార్టోలో (మామూలు టెక్స్ట్ నుంచి రివీల్ స్లైడ్లు తయారుచేసే సాధనం) అయితే హెడింగ్ పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ చాలు, ముందు డేటా అక్కర్లేదు.

ఫొటో నిండినాక ఇంకో తంటా వస్తుంది. నేను పెట్టింది గండికోట లోయ. పైన ఎండకు మెరిసే ఆకాశం, కింద ముదురు ఎర్ర బండలు, వాటి మీద నల్ల అక్షరాలు. హాల్లో కిటికీలకు తెరల్లేవు, ప్రొజెక్టర్ వెలుతురు అంతంతమాత్రం. "సార్, ఆడ ఏం రాసినారు?" అని వెనక బెంచీ నుంచి అడిగినారు.

రివీల్ ఫొటోలోకి తొంగిచూడదు. మనం ఇచ్చిన రంగు ముదురా లేతా అన్నదే చూస్తుంది. ముదురైతే సెక్షన్‌కు హ్యాస్-డార్క్-బ్యాక్‌గ్రౌండ్ అనే క్లాసు తగిలిస్తుంది, దాంతో థీమ్ అక్షరాలను తెల్లగా మారుస్తుంది. కాబట్టి ఫొటోతో పాటు డేటా-బ్యాక్‌గ్రౌండ్-కలర్ నలుపు అని కూడా ఇవ్వండి, ఫొటో ఎంత గట్టిగా కనబడాలో చెప్పే డేటా-బ్యాక్‌గ్రౌండ్-ఒపాసిటీ 0.4 పెట్టండి. వెనక నలుపు పైకి తేలి ఫొటో మసకబారుతుంది, అక్షరాలు నిలబడతాయి. గండికోట అందం కొంత పోతుంది, పోనీండి, జనం వచ్చింది చదవడానికి.

అన్ని స్లైడ్లకూ ఒకటే రంగు కావాలంటే మాత్రం ఇట్లా ఒక్కోదానికి రాస్తూ కూర్చోవద్దు, థీమ్‌లోనే మార్చుకోండి. క్వార్టోలో సొంత ఎస్‌సీఎస్ఎస్ (వేరియబుల్స్ వాడుకోగల సీఎస్ఎస్ రకం) ఫైలు రాస్తే రంగుల వేరియబుల్స్ డిఫాల్ట్స్ గుర్తు కింద, మామూలు సీఎస్ఎస్ రూల్స్ గుర్తు కింద ఉండాలి. చూడ్డానికి ఉత్త కామెంట్లే, కానీ రెంటిలో ఏదీ లేకుంటే క్వార్టో ఆ ఫైలును తీసుకోదు.

తెలుగులో హెడింగులు పెడుతుంటే ఆ ఫైలులోనే లైన్-హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) పెంచండి. రివీల్ థీముల్లో హెడింగుకు 1.2 ఉంటుంది, ఇంగ్లీషుకు సరే. మనకు పై లైను వత్తులు వచ్చి కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. నేను 1.6 పెట్టినా.