సిద్ధాంతం అవసరం షూటింగ్‌కు ముందే

ప్రశ్న: నేను జర్నలిజంలో పీజీ చదువుతున్నాను. గల్ఫ్ వలస మీద నా మిత్రుడు రాసి పాడిన నాలుగు నిమిషాల పాటకు ప్రాజెక్టుగా మ్యూజిక్ వీడియో తీస్తున్నాను. మీడియా సిద్ధాంతాలను అందులో ఎలా వాడానో నివేదికలో చూపించాలి. వీడియో పూర్తయ్యాక, దానికి సరిపోయేవి వెతికి రాస్తే చాలదా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: చాలదు. అలా రాసిన సిద్ధాంతం నివేదికకు అలంకారమవుతుందే తప్ప వీడియోకు ఏ మేలూ చేయదు. దాని ప్రయోజనమంతా షాట్ డివిజన్ (ఏ పంక్తికి ఏ షాట్ తీయాలన్న పట్టిక) రాసుకునే రోజుల్లోనే ఉంది. ఆ దశలో మీకు ఎక్కువగా అక్కరకొచ్చేది మ్యూజిక్ వీడియోలను అధ్యయనం చేసిన ఆండ్రూ గుడ్విన్ 1992 నాటి గ్రంథంలో చెప్పిన, పాట సాహిత్యానికీ దృశ్యానికీ మధ్య ఉండే మూడు రకాల సంబంధం. దృశ్యం పాటలోని మాటను ఉన్నదున్నట్టు చూపవచ్చు, ఆ మాటకు కొత్త అర్థాన్ని చేర్చవచ్చు, లేదా పాటతో నిమిత్తం లేకుండా తన దారిన తాను పోవచ్చు. కొడుకు ఊరు విడిచి వెళ్లే చరణంలో శంషాబాద్ విమానాశ్రయంలో సూట్‌కేసు తోసుకుంటూ పోయే మనిషిని చూపిస్తే అది మొదటి రకం. అదే చోట, అతను పంపిన డబ్బుతో స్లాబు దాకా లేచి, గిలాబు కాకుండానే ఆగిపోయిన ఇంటినీ, దాని ముందు ఒంటరిగా కూర్చున్న తల్లినీ చూపిస్తే రెండోది; వలసకు ఇంట్లోవాళ్లు చెల్లించే మూల్యాన్ని పాట చెప్పకపోయినా దృశ్యం చెబుతుంది. మూడో రకాన్ని కొత్తవారు ఇష్టంగా ఎంచుకుంటారు గాని, ఆ పొంతన లేకపోవడం కావాలని చేసిందేనని ప్రేక్షకుడికి తెలిసేలా తీయడం కష్టం. చాలాసార్లు అది లొకేషన్ దొరక్క వేసిన అతుకులాగే కనిపిస్తుంది. పాటలోని ప్రతి పంక్తికీ ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారో, ఎందుకో ఒక్కో వాక్యంలో రాసుకుంటే నివేదికలో సగం అక్కడే తయారవుతుంది.

గాయకుడి క్లోజప్‌ల విషయంలో మాత్రం ఆ గ్రంథాన్ని యథాతథంగా అనుసరించకండి. 1981లో మొదలైన అమెరికా మ్యూజిక్ చానల్ ఎంటీవీ కాలపు వీడియోల్లో కళాకారుణ్ణి తారగా నిలబెట్టడం రికార్డు కంపెనీల అవసరం కాబట్టి, ఆ ముఖం పదేపదే కనబడేది. మన కళ్లకు అలవాటైన సినిమా పాటలో పెదవులు కదిపేది నటుడు, గొంతు నేపథ్య గాయకుడిది. అందువల్ల మీ మిత్రుడు కెమెరా వైపు చూస్తూ పాడితే, అతను ఆ కొడుకు పాత్రా, కథ చెప్పే సాక్షా అన్న సందేహం తెలుగు ప్రేక్షకుడికి రావచ్చు. నేనైతే అతణ్ణి కథలోకి తీసుకురాకుండా, పల్లవి తిరిగి వచ్చినప్పుడు మాత్రమే చూపిస్తాను.

మీడియా సిద్ధాంతకర్త స్టూవర్ట్ హాల్ 1973లో టెలివిజన్ గురించి ప్రతిపాదించిన నమూనాను ఎడిటింగ్ దశకు దాచుకోండి. ఉద్దేశించిన అర్థాన్ని ప్రేక్షకుడు పూర్తిగా స్వీకరించవచ్చు, కొంత ఒప్పుకొని కొంత తన అనుభవానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, లేదా పూర్తిగా ఎదురు తిరగవచ్చు అంటాడాయన. రఫ్ కట్‌ను (తొలి కూర్పును) గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారికీ, ఆ అనుభవం లేని సహాధ్యాయులకూ ఏ వివరణా ఇవ్వకుండా చూపించి, వారన్నది వారి మాటల్లోనే రాసుకోండి. ఆగిపోయిన ఇల్లు ఒకరికి దుఃఖంగా, మరొకరికి ‘స్లాబు దాకానైనా వచ్చింది కదా’ అన్న తృప్తిగా తోచవచ్చు.

స్త్రీ పాత్ర ఉన్నంత మాత్రాన సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 వ్యాసంలోని ‘పురుష దృష్టి’ని (తెర మీది స్త్రీని పురుషుడి చూపుకు వస్తువుగా నిలపడాన్ని) తెచ్చి ఇరికించనక్కర్లేదు, ఆమె రాసింది హాలీవుడ్ కథాచిత్రాల గురించి. ఆ తల్లిని మనం చూడటమే తప్ప, ఆమె చూసేదేమిటో ఒక్క షాట్‌లోనైనా ఉందా అని మాత్రం షాట్ డివిజన్‌లో సరిచూసుకోండి.