కొత్త కుక్కపిల్లకు విరేచనాలైతే

చిరంజీవి చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ సందేశం చదివాను. కుక్కపిల్లకు ఇంటికి వచ్చినప్పటి నుంచి మలం పల్చగా అవుతోందని ఒకటిన్నర పేజీ రాసి, తిండి బాగానే తింటోందని, చెప్పులు కొరుకుతోందని చివర్లో రాశావు. ఆ చివరి మాటలే ముందు రాసి ఉంటే నాకు మధ్యలో అంత ఆదుర్దా ఉండేది కాదు. ఉత్సాహంగా తిరుగుతున్న పిల్లకు ఒక రోజు మలం వదులైతే అది చిన్న సంగతే. మలం ఓ మోస్తరుగా ఉన్నా, పిల్ల మూల చేరి, పిలిస్తే తోక కూడా ఊపకపోతే మాత్రం అది పెద్ద సంగతి. నేల మీద పడినదాన్ని తర్వాత చూడవచ్చు, ముందు పిల్ల వాలకం చూడు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

తల్లిని, తోడబుట్టినవాటిని వదిలి వచ్చింది. ప్రయాణం, కొత్త వాసనలు, కొత్త తిండి, రోజంతా ఎత్తుకునే చేతులు. ఆ బెదురుకే పేగులు అదుపు తప్పుతాయి. దానికి తోడు ఇంట్లో తలా ఒకరు ముద్దుగా ఏదో ఒకటి నోట్లో పెడతారు. ముందుగా ఆపించాల్సింది పాలు. తల్లి పాలు మరిచే వయసులో కుక్కపిల్లలకు పాలలో ఉండే చక్కెర అయిన లాక్టోజ్‌ను అరిగించుకునే శక్తి తగ్గుతుంది, ఆవు పాలలో అది తల్లికుక్క పాలకంటే ఎక్కువే ఉంటుంది. పాలు తాగితే బలమని ఎవరు చెప్పినా చిరునవ్వు నవ్వి గిన్నె తీసేయి.

పిల్లను ఇచ్చినవాళ్లను అది అక్కడ ఏం తినేదో అడుగు. కొన్నాళ్లు అదే పెట్టు. మార్చాలనుకుంటే పాతదానిలో పావు వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చు. ఈ ఒకటి రెండు రోజులకు మాత్రం మెత్తగా ఉడికించిన అన్నం రెండు వంతులు, తోలు, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం ఒక వంతు కలిపి, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టు. ఉప్పు, నూనె, కారం వద్దు. రుచి కోసమని ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. మలం గట్టిపడ్డాక మెల్లగా మామూలు తిండికి తీసుకురా. ఈ అన్నంలో ఎదిగే పిల్లకు కావలసిన పోషకాలన్నీ ఉండవు, కాబట్టి దాన్నే రోజుల తరబడి సాగించకు.

ఒక పూట కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుందని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లంఖణం పరమౌషధం అన్నది కుక్కపిల్లల దగ్గర చెల్లదు. వాటి ఒంట్లో నిల్వలు తక్కువ. చిన్న జాతి పిల్ల కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి, తూలుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అలా కనిపిస్తే చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తు.

నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచు. విరేచనాల్లో పిల్ల ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీరు తగ్గిపోవడమే. దాన్ని కనిపెట్టడం నేర్చుకో, అదీ ఇప్పుడే, పిల్ల హుషారుగా ఉన్నప్పుడే. పైపెదవి ఎత్తి చిగురును వేలితో తాకు. తడిగా, జారుడుగా ఉండాలి. వేలితో నొక్కి వదులు. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. కొన్ని పిల్లలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. భుజాల మీద చర్మాన్ని పట్టి పైకి లాగి వదిలితే చటుక్కున వెనక్కి పోవాలి. చిగుళ్లు జిగటగా ఉన్నా, చర్మం లేచినచోటే నిలబడినా ఆలస్యం చేయకు. ముక్కు పొడిగా ఉంటే జ్వరమని అంటారు, నమ్మకు. నిద్ర లేచిన ఏ కుక్క ముక్కయినా పొడిగా ఉండవచ్చు. జ్వరం సంగతి థర్మామీటరే చెప్పాలి. కుక్కలకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీలు మామూలే, ఒళ్లు వెచ్చగా తగిలిందని బెంబేలు పడకు.

ఇక నులిపురుగులు. పిల్లను ఇచ్చినవాళ్లు ఎంత శుభ్రంగా ఉంచారని చెప్పినా, ఉన్నాయనే అనుకో. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లలోకి చేరతాయి, పాలతో కూడా వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచి రెండేసి వారాలకు ఒకసారి, ఎనిమిది వారాలు దాటాక ఆరు నెలలదాకా నెలకొకసారి మందు వేయడం వాడుక. ఇంతకుముందు వేశారో లేదో, ఏ తేదీన వేశారో రాయించుకో. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి కంటితో అంచనా కట్టకుండా వంటింటి తూకం మీద నిలబెట్టి చూడు. మందు వేసిన మర్నాడు మలంలో తెల్లటి దారాల్లాంటివి కదులుతూ కనిపించవచ్చు. కంగారు వద్దు, మందు పనిచేసింది. ఈ పురుగుల గుడ్లు మనుషులకూ, ముఖ్యంగా నేల మీద ఆడే పిల్లలకు, అంటుకోగలవు. అయితే మలంతో బయటపడిన వెంటనే వాటికి ఆ శక్తి ఉండదు, వారాలు పడుతుంది. కనుక పడినప్పుడే ఎత్తి పారేసి చేతులు కడుక్కుంటే చాలు.

మందు వేసినా మలం బాగుపడకపోతే కాక్సీడియా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. వాటికి మందు వేరు. ఆ ఉదయం చేసిన మలాన్ని చెంచాడు మూతపెట్టిన డబ్బాలో తీసుకువెళ్తే డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. మన అలమరలోని మాత్ర మాత్రం ఒక్కటి కూడా వేయకు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషం. మనం విరేచనాలు కట్టడానికి వాడే లోపెరమైడ్ కోలీ వంటి కొన్ని జాతుల్లో మెదడుకెక్కి ప్రమాదం తెస్తుంది.

ఇంట్లో ఆగకూడని లక్షణాలు చెబుతాను, ఫ్రిజ్ మీద అంటించు. మలంలో రక్తం, లేదా తారులాంటి నలుపు. విరేచనాలతో పాటు వాంతులు. తిండి ముట్టకపోవడం, మందకొడిగా పడి ఉండటం. పొట్ట ఉబ్బడం. ఏదైనా మింగిందన్న అనుమానం. ఇవేవీ లేకున్నా, పన్నెండు వారాలు నిండని పిల్లకు ఒక రోజులో తగ్గకపోతే ఆగవద్దు.

నా భయమంతా పార్వో గురించే. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా వ్యాపించిన ఈ వైరస్, టీకాలు పూర్తికాని పిల్లలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోగలదు. సోకిన తర్వాత బయటపడటానికి సాధారణంగా వారం వరకు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పాత చోట తగిలించుకున్నది నీ ఇంట్లో బయటపడవచ్చన్నమాట. డాక్టరు దగ్గర కొన్ని నిమిషాల పరీక్షతో తేలుతుంది. వెళ్లేముందు ఫోను చేసి అనుమానం చెప్పు. అక్కడ పిల్లను నేల మీద దించకు, వేరే పిల్లలూ వస్తాయి కదా. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు లొంగదు, బ్లీచ్ కలిపిన నీళ్లతో చస్తుంది.

టీకాలు ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి చొప్పున వేయిస్తారు. ఒక్కటి వేయిస్తే చాలు కదా అనకు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకాను పనిచేయనివ్వదు, అది ఏ వారంలో తగ్గుతుందో పైకి కనిపించదు. అంతదాకా తెలియని కుక్కలు తిరిగే చోట దించకుండా, ఎత్తుకుని లోకం చూపించు.

రేపు సాయంత్రానికి ఎన్నిసార్లు వెళ్లింది, ఎంత తిన్నది, ఎంత తాగింది ఒక కాగితం మీద రాసి నాకు ఫోను చేయి. ఫోటోలు మాత్రం డాక్టరుకే పంపు, నాకొద్దు, నేను భోంచేయాలి.

ఇట్లు,
పెద్దమ్మ