‘అన్నయ్యను ఏమీ అనలేను’ అంటే ఎలాగమ్మా?

గాజువాక నుంచి ఒక చెల్లెలు రాసింది. భర్త పరవాడ ఫార్మాసిటీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. పెళ్లయిన కొత్తలో మందు ముట్టేవాడు కాదు. ఇప్పుడు బి షిఫ్ట్ దిగాక సిట్టింగ్, ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఈమధ్య సెలవు రోజు కూడా సాయంత్రమయ్యేసరికి చేతులు వణుకుతున్నాయట. ‘తాగుడు మాన్పించడానికి తెలియకుండా సాంబారులో కలిపే పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, వాడమంటారా?’ అని అడిగింది.

వద్దమ్మా. అందులో డైసల్ఫిరామ్ లాంటిది, అంటే తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఔషధం ఉంటే, దాని మీద ఆయన తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం. ప్రాణం మీదికొస్తుంది. ఆ ఆలోచన ఇక్కడితో వదిలెయ్.

నేను ఆగిపోయింది వేరే చోట. ‘ఉద్యోగం వేయించింది మా అన్నయ్యే, వాళ్ల మేనేజరూ ఆయనే, సిట్టింగులు పెట్టేదీ ఆయనే. అన్నయ్యను ఏమీ అనలేను’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

అసలు చిక్కు అదే. గ్లాసు అందిస్తున్నది పైఅధికారి, పైగా పిల్లనిచ్చిన ఇంటి బావగారు. షిఫ్టులు వేసేదీ, లీవు ఇచ్చేదీ, అప్రైజల్ రాసేదీ ఆ చెయ్యే. వద్దన్నవాడు ‘మనవాడు కాదు’. అలాంటి చోట తాగడం కూడా డ్యూటీలో భాగమైపోతుంది. మర్నాడు అదే మనిషి రియాక్టర్ల దగ్గర, సాల్వెంట్ల మధ్య నిలబడాలి. మత్తు వదలని చెయ్యి తప్పు వాల్వు తిప్పితే పక్కవాళ్ల ప్రాణాలూ పోతాయి.

ఉద్యోగం వేయించిన రుణం ఉంది, కాదనను. దాన్ని నీ భర్త ఆరోగ్యంతో తీర్చమంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ ఆయనతో చెప్పి, ఈ ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లు. వదిన కూడా ఉన్నప్పుడే అడుగు: ‘అన్నయ్యా, ఆయన్ని ఇక సిట్టింగులకు పిలవకు. నువ్వు పిలిస్తే ఆయన కాదనలేరు.’ ఏడవకు, పాత లెక్కలు తీయకు. కోపం వస్తే రానీ. సంక్రాంతికి పిలవకపోతే పిలవకపోనీ.

ఇక ఆ వణుకు. ఒళ్లు తాగుడుకు అలవాటుపడిపోయిందనడానికి గుర్తు అది. ఒట్టు పెట్టించి ఒక్కసారిగా మాన్పించొద్దు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ముందు ఫోన్‌లో మాట్లాడుకోవాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అన్నయ్య వినకపోతే డిపార్ట్‌మెంట్ మార్చమని హెచ్‌ఆర్‌కు రాసివ్వాలి. ఆ కాగితం మాత్రం నువ్వు కాదు, మీ ఆయనే రాయాలి.