కళ్లజోడు చూసి సిజేరియన్‌కి తలూపొద్దు

అమ్మాయ్,

నీకు మైనస్ 8 పవర్ ఉంది కాబట్టి నార్మల్ కాన్పులో ముక్కితే కంటి నరం తెగిపోతుందని మీ అత్తగారికి ఎవరో చెప్పారన్నావు, ఆవిడ అప్పుడే సింగరాయకొండలో పంతులుగారిని ముహూర్తం కూడా అడిగొచ్చారన్నావు. ముహూర్తం గురించి నాకు చాలా అనాలని ఉంది కానీ ఈ ఉత్తరం ఆవిడ కూడా చదువుతుంది కదా, వదిలేస్తున్నా.

మీ అక్క కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు కంట్లోకి లైటు వేసి చూడలేదు, అద్దాల మందం చూసి కోసేశారు. మీ అక్కకి నాకంటే ఎక్కువ పవర్. అది కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఐదో నెలలో రెటీనా, అంటే కంటి లోపల వెనకాల ఉండే పొర, దాన్ని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపలంతా చూసి, ఎడమ కంట్లో చిన్న చిరుగు ఉందని లేజర్ చేశారు. తర్వాత కావలిలో నార్మలే అయింది, కళ్లు ఇప్పటికీ బాగున్నాయి.

అసలు రెటీనా ముక్కితే చిరగదు. కంటి లోపల జెల్లీ లాంటిది ఉంటుంది, అది కుంచించుకుంటూ పొరని లాగినప్పుడు, ఆ పొర పలచబడిన చోట చిరుగుతుంది. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లకి కాన్పుతో సంబంధం లేకుండానే ఆ భయం ఉంటుంది, సిజేరియన్ చేసినంత మాత్రాన అది పోదు. పాత రెటీనా ఆపరేషన్ అయినవాళ్లకి కూడా చాలామందికి నార్మల్ చేస్తారు.

కాబట్టి ముందు చుక్కల పరీక్ష చేయించు, చెన్నై దాకా పోనక్కర్లేదు, నెల్లూరులోనే రెటీనా చూసేవాళ్లున్నారు. లేజర్ చేస్తే అతుకు గట్టిపడటానికి రెండు వారాలు పడుతుంది, అందుకే నెలలు నిండేదాకా ఆగకు. కంటి వైపు నుంచి నార్మల్‌కి అడ్డేమైనా ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకో, నోటిమాట లేబర్ రూమ్ దాకా రాదు. కాన్పు డాక్టర్ వేరే కారణంతో సిజేరియన్ అంటే అది వేరే సంగతి, అప్పుడు వాదించకు.

మీ తోడికోడలికి పెళ్లికి ముందు నుంచే షుగర్ కదా, ఆమె సంగతి వేరు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వల్ల రెటీనా త్వరగా పాడవొచ్చు, మొదటి మూడు నెలల్లోనే చూపించాలి, కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ముక్కడం గురించి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. నీటికాసులకి చుక్కలు వాడేవాళ్లు సొంతంగా ఆపేయకుండా కడుపు సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు ఉంటే ఆ రోజే వెళ్లు. తలనొప్పితో చూపు మసకైతే అది బీపీ కావచ్చు, నేరుగా కాన్పు ఆసుపత్రికే. జోడు మాత్రం ఇప్పుడు మార్చకు, కడుపుతో ఉన్నప్పుడు పవర్ కాస్త అటూ ఇటూ అవుతుంది, కాన్పయ్యాక రెండు నెలలు ఆగు.

చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేవు. స్కూటీ మీద బయల్దేరకు, శనివారం రైలుకి రా, స్టేషన్‌కి నేనొస్తా.

మీ పెద్దమ్మ