ఒకే లెన్స్‌తో కాపురం

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జూమ్ లేకుండా, ఊడిరాని ఒకే లెన్స్ ఉన్న సోనీ ఆర్‌ఎక్స్1 కెమెరా కొని ఇంకా నెల తిరగలేదు, అప్పుడే అమ్మేసి జూమ్ ఉన్నది తీసుకోనా అని అడుగుతున్నావు. ట్యాంక్‌బండ్ మీద నిలబడి తీస్తే బుద్ధుడి విగ్రహం అగ్గిపుల్లంత వచ్చిందని, మీ గదిలో స్నేహితులు ఐదుగురూ ఒక ఫోటోలో పట్టలేదని రాశావు. బయట మరీ దూరం, లోపల మరీ ఇరుకు. నీ ఫిర్యాదులు రెండూ నిజమే. 2014లో ఈ కెమెరా నా చేతికి వచ్చినప్పుడు నేనూ సరిగ్గా ఈ రెండింటి దగ్గరే తట్టుకుని ఆగిపోయాను. అయినా సంక్రాంతి దాకా అమ్మవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, ఉత్తరం పొడుగైనా ఓపికగా చదువు.

ముందు ఆ ఇరుకు సంగతి. ఇన్నాళ్లూ నువ్వు ఫోనుతో తీశావు. ఫోనులోని ప్రధాన కెమెరా చూసే వెడల్పు మన లెక్కలో దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. నీ కన్ను ఆ వెడల్పుకు అలవాటు పడిపోయింది. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా చూస్తుంది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది 35. అందుకే గోడకు వీపు ఆనించి నిలబడినా ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తుంది. దూరంగా ఉన్నదాన్ని తెరమీద రెండు వేళ్లతో దగ్గరకు లాక్కోవడం కూడా ఫోను నేర్పిన అలవాటే.

ఈ లెన్స్‌కు ఒక చక్కని లెక్క ఉంది. ఎవరూ చెప్పకుండానే, చాలా ఆలస్యంగా నాకు తట్టింది. మన కెమెరాలో ఫోటో పడే పలక, అంటే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, వెడల్పు 36 మిల్లీమీటర్లు, లెన్స్ 35. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి నువ్వు ఎంత దూరంలో నిలబడితే అంత వెడల్పు ఫోటోలో పడుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి గోడను తీస్తే మూడు మీటర్ల గోడ వస్తుంది, ఎత్తు రెండు మీటర్లు వస్తుంది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి తల నుంచి పాదాల దాకా సరిపోతాడు. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడినప్పుడు దాని వెడల్పు ఎన్ని అడుగులుందో కంటితో కొలువు, అన్ని అడుగులు వెనక్కి నడువు. కెమెరా కంటి దగ్గరకు ఎత్తేసరికి దుకాణం చట్రంలో కూర్చుని ఉంటుంది.

వారం రోజులు ఇదే సాధన చెయ్యి. ఫోటో తియ్యనక్కరలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎదురుగా ఉన్న టీ బండి ఎంత దూరం, అందులో ఎంత భాగం వస్తుంది అని మనసులో గీసుకో. ఆ తర్వాతే కెమెరా పైకెత్తి సరిచూసుకో. నాకు మూడు నెలలు పట్టింది, నీకు అంతకంటే తొందరగా వస్తుంది.

ఇక బుద్ధుడి విగ్రహం సంగతి. ఒడ్డున నిలబడి దాన్ని పెద్దగా తియ్యాలన్న ఆశ వదిలెయ్యి. ఇక్కడ రాజమహేంద్రవరంలో పుష్కరఘాట్ నుంచి గోదావరి మీది పాత హేవలాక్ వంతెనను నేను ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. ప్రతిసారీ నీటి మీద ఒక సన్నని గీతలాగే వచ్చింది. చివరకు మెట్ల మీద బట్టలు పిండుతున్న వాళ్లను రెండు మీటర్ల దూరంలో పెట్టుకుని, వెనకాల ఆ గీతను గీతలాగే ఉండనిచ్చాను. అప్పుడు వంతెన తన చోట తాను కుదురుకుంది. ఈ లెన్స్‌తో దూరపు వస్తువు ఒంటరిగా నిలబడలేదు, దగ్గర ఒక తోడు కావాలి.

ఆ తోడు చాలాసార్లు మనిషే అవుతుంది. నాకు ఈ కెమెరా మీద ఇంత మమకారం ఏర్పడింది అందుకే. కడియపులంక పూల మార్కెట్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు ఐదు మీటర్ల దూరంలో నిలబడి, ఎవరికీ కనపడకుండా తీశాను. ఇంటికి వచ్చి చూస్తే బుట్టలు, వీపులు, ఒకరి గొడుగు. ఐదు మీటర్ల దూరంలో ఐదు మీటర్ల వెడల్పు పడుతుంది కదా, అందులో ఎవరి ముఖమూ ముఖంగా లేదు. మరుసటి వారం ఒక మూల కనకాంబరాలు కడుతున్న పెద్దావిడ పక్కన పీట మీద కూర్చున్నాను. అరగంట సేపు కెమెరా తియ్యలేదు. పూల ధర మాట్లాడుకున్నాం, ఆవిడ మోకాళ్ల నొప్పులు, నా మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నాం. అరటి నారను పక్కనున్న గిన్నెలో నీళ్లలో ముంచి, చూపుడు వేలికి ఒక మెలిక వేసి, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి బిగించేది. చేతుల వంక చూడనే చూడలేదు. ఫోటో తీసుకోనా అని అడిగితే నవ్వి, తల మీద కొంగు సర్దుకుని, మళ్లీ దండలో పడిపోయింది.

అప్పుడు మీటరు దూరంలో ఉన్నాను. మాట్లాడుకునే దూరం అది. లెన్స్ ద్వారాన్ని, అంటే అపర్చర్‌ను, పూర్తిగా తెరిచి ఎఫ్ 2 దగ్గర పెట్టి ఉంటే ఆ దూరంలో స్పష్టంగా వచ్చేది దాదాపు పది సెంటీమీటర్ల లోతు మాత్రమే, వేళ్లు వస్తే ముఖం పోతుంది. ఎఫ్ 5.6కు తగ్గించాను, ఈ అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. పైన ఒకే ఒక్క బల్బు, సెన్సర్ వెలుగును పట్టే శక్తిని, అంటే ఐఎస్ఓను, 3200 దాకా పెంచాల్సి వచ్చింది. ఈ సెన్సర్ దాన్ని హాయిగా మోస్తుంది, భయపడకు. లెన్స్‌లోనే ఉండే షట్టర్ కాబట్టి ‘టిక్’ అన్న చిన్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నీ కెమెరాలో బీప్ శబ్దం ఇంకా ఉంటే ఇవాళే తీసెయ్యి. ఆ ఫోటో కడిగించి వచ్చే వారం తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ డబ్బుల పెట్టె మూత లోపల అంటించుకుంది. నువ్వు ఎవరిని దగ్గరగా తీసినా ఒక ప్రతి వాళ్లకు చేర్చు. చేతికి అందేంత దగ్గరగా వెళ్లి తీసుకున్నాం కాబట్టి అది వాళ్లకు మనం బాకీ.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. లెన్స్ చుట్టూ ఒక ఉంగరం ఉంది, చూశావా? దాన్ని తిప్పితే 20 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్లి తియ్యవచ్చు. కానీ అలా తిప్పి ఉన్నంతసేపు 35 సెంటీమీటర్లకు అవతల ఉన్నది ఏదీ ఫోకస్ కాదు. మీ అక్క పెళ్లిలో ముహూర్తానికి ముందు తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ముద్ద మీద దీపం వెలుగు పడుతుంటే ముచ్చటపడి, ఆ ఉంగరం తిప్పి తీశాను. బాగా వచ్చింది. వెంటనే ఎవరో పిలిచారు, వెళ్లిపోయాను. ముహూర్తం వేళకు మండపం పక్కన మంచి చోటు దొరికింది. అడ్డుతెర, దాని మీదుగా రెండు చేతులు, అక్క కళ్లు. మీట నొక్కాను. లెన్స్ ముందుకు వెనక్కు వెతుక్కుంటూనే ఉంది. మళ్లీ నొక్కాను, మళ్లీ వెతుక్కుంది. వాయిద్యాలు మోగాయి, అక్షింతలు పడ్డాయి, తెర దించేశారు. నాకు దక్కింది మంచులో చూసినట్టున్న రెండు రంగు మరకలు. పెళ్లికి పిలిచిన ఫోటోగ్రాఫర్ ఎలాగూ తీశాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ లోటు తెలియలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ క్షణం తలచుకుంటే బాధగానే ఉంటుంది. దగ్గరి ఫోటో తీసిన వెంటనే, కెమెరా దించకముందే ఉంగరాన్ని వెనక్కి తిప్పడం అలవాటు చేసుకో.

ఆ ఉంగరం సరిగా ఉన్నా, మసక వెలుతురులో ఈ కెమెరా ఫోకస్ నిదానమే. పిల్లలు పరుగెత్తుతుంటే దానికి అందరు. ముందు వైపు ఉన్న చిన్న చక్రంతో ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, మూడు మీటర్ల దగ్గర నిలబెట్టి, అపర్చర్ ఎఫ్ 8 పెట్టు. దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. వీధిలో నడిచేటప్పుడు నా కెమెరా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. కెమెరా ఆలోచించడానికి ఏమీ మిగలదు, నొక్కగానే ఫోటో పడుతుంది.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఎఫ్ 2 పెట్టి తీస్తే ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. ఐఎస్ఓ 100 దగ్గర అంత ఎండకు 1/6400 సెకను వేగం కావాలి, ఎఫ్ 2 దగ్గర మన షట్టర్ 1/2000 దాటి పోదు. లెన్స్ లోపల ఉన్న రేకులు అంత పెద్ద ద్వారాన్ని పూర్తిగా తెరిచి మూయాలి కదా, దానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఎఫ్ 4కు తగ్గిస్తే సరిపోతుంది. తప్పకుండా ఎఫ్ 2యే కావాలనుకుంటే వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి కొనుక్కో, 49 మిల్లీమీటర్ల సైజు అడుగు. ఇదే షట్టర్ మనకు ఒక మేలు కూడా చేస్తుంది. మామూలు కెమెరాలు ఫ్లాష్‌తో 1/200, 1/250 దగ్గర ఆగిపోతే, ఇది పట్టపగలు ఎంతో ఎక్కువ వేగంలో కూడా ఫ్లాష్‌తో కలిసి పనిచేస్తుంది. మిట్ట మధ్యాహ్నం కళ్ల కింద నల్లటి నీడలు పడినప్పుడు, కెమెరాలోనే ఉన్న చిన్న ఫ్లాష్‌ను కాస్త తగ్గించి వాడి చూడు.

అదే ఎండలో వెనక తెర కనపడదు. నాకు చత్వారం కూడా ఉంది కాబట్టి పైన బిగించుకునే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కొన్నాను. నీకు తొందరేమీ లేదు.

పోషణ సంగతి తేలికగా తీసుకోవద్దు. లెన్స్ ఊడిరాదు కాబట్టి లోపలికి దుమ్ము చేరడం తక్కువే, కానీ చేరిందంటే ఇంట్లో తుడుచుకునే వీలు లేదు, సర్వీసుకు ఇవ్వాల్సిందే. నువ్వు పాతది కొన్నావు కాబట్టి రేపు పొద్దున్నే ఒక పని చెయ్యి. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడు, బూడిద రంగు చుక్కలుంటే తెలిసిపోతుంది. దీనికి వాన నుంచి రక్షణ లేదు, తుంపర పడుతుందంటే సంచిలో పెట్టెయ్యి. ఏసీ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా సంచిలోనే కాసేపు ఉండనివ్వు, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది. ఇక్కడ గోదావరి గాలికి వానాకాలంలో బీరువాలోని తోలు చెప్పులకే బూజు పడుతుంది, లెన్స్‌కు పట్టదా? గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుతున్నాను. ఇన్నేళ్లలో బూజు రాలేదు. అన్నిటికంటే మంచి మందు వారానికి రెండుసార్లయినా బయటికి తీసి వాడటం. బ్యాటరీ చిన్నది, రెండు వందల పైచిలుకు ఫోటోలకే అయిపోతుంది. మూడు ఉంచుకో.

జూమ్ లేదన్న బెంగ ఇంకా ఉంటే ఈ లెక్క చూడు. నీ ఫోటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు. అంచులు కత్తిరించి 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినట్టు చేసుకున్నా దాదాపు 12 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 14 అంగుళాల ప్రింటుకు అది చాలు. కానీ ఈ లెక్కను తీసేటప్పుడు గుర్తు పెట్టుకోవద్దు. తర్వాత కత్తిరించుకోవచ్చులే అనుకున్న రోజున నేను తీసిన ఫోటోలన్నీ దూరంగానే ఉన్నాయి.

లైకా క్యూ3 గురించి అడిగావు. అదీ ఊడిరాని ఒకే లెన్స్ ఉన్న కెమెరాయే. అది 28 మిల్లీమీటర్లు, మీ గదిలో ఐదుగురూ పడతారు, బుద్ధుడు ఇంకా చిన్నవాడవుతాడు. 2025లో సోనీయే 61 మెగాపిక్సెళ్లతో ఆర్‌ఎక్స్1ఆర్ మూడో రకం తెచ్చింది, లెన్స్ అదే 35, అదే ఎఫ్ 2. డబ్బు నీది, నేను కాదనను. కానీ నీ దగ్గరున్న లెన్స్‌తో నీకు స్నేహం కుదరకపోతే కొత్తదానిలో ఉన్న అదే లెన్స్‌తో ఎలా కుదురుతుంది?

మన ఇంట్లో ఇలాంటి కెమెరా ఇదే మొదటిది కాదు, తెలుసా? మీ తాతయ్య దగ్గర యాషికా ఎలక్ట్రో 35 ఉండేది. 45 మిల్లీమీటర్ల లెన్స్, ఊడిరాదు, జూమ్ లేదు, షట్టర్ లెన్స్‌లోనే. సెన్సర్ ఉన్నచోట ఫిల్ము ఉండేది, అంతే తేడా. పెద్ద ఆల్బమ్‌లో మీ నాన్న చొక్కా లేకుండా నుయ్యి గట్టు మీద కూర్చున్న ఫోటో, మా అమ్మ అప్పడాలు ఆరబెడుతున్న ఫోటో, అన్నీ దానితో తీసినవే. 36 ఫోటోల రీలు మూడు పండగలకు రావాలి. నాన్నగారు కెమెరా ఎత్తే ముందే రెండడుగులు ముందుకో వెనక్కో వేసి నిలబడేవారు, ఎత్తాక ఇక కదిలేవారు కాదు. ఎందుకలా అని అప్పుడు అడగాలని తోచలేదు. ఇప్పుడు నా కాళ్లు కూడా అలాగే వేస్తున్నాయి.

భోగికి ముందు రోజు వచ్చెయ్యి. మరునాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కడియపులంక వెళదాం, పండగ బంతిపూలు అప్పుడే దిగుతాయి. ఈలోగా నువ్వు దగ్గరగా వెళ్లి తీసినవాటిలో ఒక పది ఫోటోలు కడిగించి తీసుకురా. తెరమీద చూపిస్తే నేను చూడను. బ్యాటరీలు రాత్రే ఛార్జింగ్ పెట్టుకో, బయలుదేరే ముందు ఆ ఉంగరం ఎటు తిరిగి ఉందో ఒకసారి చూసుకో.

ఇట్లు,
మీ అత్తయ్య
రాజమహేంద్రవరం