వేడెక్కాక బాగుండే బండి

ప్రశ్న: అన్నగారూ, మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా పెట్రోల్ కారు 2010 మోడల్, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతోంది. బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కేలోపు రెండు మూడుసార్లు ఆగిపోతోంది. వెనక బండ్ల హారన్లకి ఒకటే టెన్షన్. పది నిమిషాలు నడిచాక ఏ ఇబ్బందీ ఉండదు. మెకానిక్ ప్లగ్గులు మార్చినా తగ్గలేదు. ఇప్పుడు పెట్రోల్ పంపు మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: వద్దమ్మా, అప్పుడే వద్దు. పంపు బలహీనపడితే సాధారణంగా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, స్పీడు అందుకునేటప్పుడో బండి లాగదు. మీది వేడెక్కాక హాయిగా నడుస్తోంది కదా. ముందు చూడాల్సింది చలిలో పని ఎక్కువ పడే భాగాలని.

చల్లటి ఇంజన్లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. అందుకని బండిలోని కంప్యూటర్ కాసేపు పెట్రోలూ గాలీ ఎక్కువ ఇచ్చి ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచుతుంది. ఇంజన్ ఎంత చల్లగా ఉందో దానికి చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం వేడిని కొలిచేది. రాత్రంతా ఆగి ఉన్న బండికి స్కానర్ (సెన్సర్లు చెప్పే అంకెలు చూపే పరికరం) పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి చూడమనండి. మన డిసెంబరు పొద్దున 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ చూపాలి. 70 చూపిస్తే సెన్సర్‌నో, దాని వైరింగునో పట్టుకోవాలి. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కదా అని వదిలేయకండి. 70 అంటే కంప్యూటర్ నిజమనే నమ్మి, ఇంజన్ వేడిగానే ఉందనుకుని అదనపు పెట్రోల్ ఇవ్వదు.

అది సరిగ్గా ఉంటే థ్రాటిల్ బాడీ, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో తెరుచుకుని మూసుకునే రేకు ఉండే భాగం, విప్పించండి. రేకు అంచున నల్లటి మడ్డి పేరుకుని ఉంటే గాలి దారి సన్నబడుతుంది. శుభ్రం చేశాక కొన్ని మోడళ్ళలో ఐడిల్‌ని స్కానర్‌తో మళ్ళీ సెట్ చేయాలి.

పోయిన చలికాలం నా షెడ్డుకి అచ్చం ఇలాంటి బండే వచ్చింది. అప్పటికే ఆ బండి యజమాని వేరేచోట రెండు సెన్సర్లు మార్పించి ఉన్నారు. రాత్రి ఉంచుకుని తెల్లవారి స్టార్ట్ చేస్తే ఇంజన్ వెనక నుంచి సన్నగా బుస్సుమని వినబడింది. ఇంజన్ గాలి పీల్చే దారికి తగిలించి ఉండే వాక్యూమ్ గొట్టం వంపు కింద, వేలితో వంచితే తప్ప కనబడని పగులు. అక్కడి నుంచి కంప్యూటర్ లెక్కలోకి రాని గాలి దూరుతోంది. ఇంజన్ వేడికి రబ్బరు మెత్తబడి ఆ పగులు మూసుకునేది, చప్పుడూ ఆగేది. మధ్యాహ్నం తీసుకొచ్చి ఉంటే నాకూ దొరికేది కాదు.

కాబట్టి మీరూ ముందురోజు సాయంత్రమే బండి అప్పగించండి. పొద్దున మొదటి స్టార్ట్ మీ ఎదురుగానే చేయమనండి. స్క్రూ తిప్పి ఐడిల్ పెంచేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ఇంకొక్క మాట తల్లీ. ఆగిపోతుందన్న భయంతో బేస్‌మెంట్లోనే పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. పిల్లలు బండిలో ఉంటే మరీ జాగ్రత్త. రిపేరు అయ్యేదాకా రాత్రిళ్ళు పైన, గాలి ఆడేచోట పార్క్ చేసుకోండి.